పైపు నాది

నన్ను అరెస్టు చేయమని నేను పెట్టుకున్న అర్జీలకు ఇంతవరకు ఒక్క జవాబు రాలేదు. స్టేషనులో ఇచ్చాను. పై ఆఫీసుకు పంపాను. సోమవారాలు అర్జీలు తీసుకునే చోటికి వెళ్లి వరుసలో నిలబడి ఇచ్చాను. రసీదు ఇచ్చారు, మంచినీళ్లు ఇచ్చారు, ఒకాయన లేచి తన కుర్చీ కూడా ఇచ్చాడు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఒక పత్రికకు రాస్తే నా ఉత్తరాన్ని నవ్వుల పేజీలో వేశారు. ఆ పత్రిక ఏదో నాకు గుర్తుంది. అందుకే ఈసారి యాత్రా కథనం రాస్తున్నాను. మనవాళ్లు అర్జీ చదవరు గాని, ఎవడు ఎక్కడికి వెళ్లి ఏం తిన్నాడో రాస్తే చివరి ముద్ద దాకా చదువుతారు.

ముందు సంగతి చెప్పాలి. మా ఊరు గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్లే దారిలో ఉంది. జిల్లాలు విడగొట్టినప్పుడు ముదినేపల్లి ఏలూరుకు పోయింది, మేం కృష్ణాలో మిగిలిపోయాం. అప్పుడూ మమ్మల్ని ఎవరూ అడగలేదు. నాకు పదెకరాల చేపల చెరువు ఉంది, మా తాతగారి నుంచి వచ్చిన లైసెన్సు తుపాకీ ఉంది. తుపాకీ చెరువులో చేపలు మింగే నీటికాకుల కోసం. గాలిలోకి ఒకసారి పేలిస్తే గుంపంతా లేచి పక్కవాడి చెరువు మీద వాలుతుంది. పక్కవాడు పేలిస్తే మళ్లీ నా చెరువు మీదికి వస్తుంది. మా వైపు చేపల సాగులో సగం ఇదే.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలి. మంచి నియమమే. కాని ఎన్నికలొచ్చాయని నీటికాకులకు తెలియదు కదా. అందుకని ఆ రోజుల్లో చెరువుల యజమానులందరం కాపలా మనిషి చేతికి ఒక ప్లాస్టిక్ పైపు ఇస్తాం, కార్బైడు వేసి నిప్పంటిస్తే పేలుతుంది. దాంట్లో గుండు ఉండదు, తూటా ఉండదు, ఉత్త చప్పుడు. ప్రతి గట్టు మీదా ఒకటి ఉంటుంది. నా పైపు నేనే గుడివాడలో చేయించి, నా చెరువు కాపలా చూసే ఏడుకొండలు చేతికి ఇచ్చాను.

ఒక రోజు పొద్దున్నే, పక్క చెరువులో మోటారు పోయిందని జీపు వచ్చింది. గట్ల మీద పైపులు పట్టుకుని ఎందరో కాపలావాళ్లు ఉన్నారు. జీపు ఎక్కించింది ఏడుకొండల్ని ఒక్కడినే. ఏడుకొండలు యానాది. మా వైపు ఎవరి ఇంట్లో ఏ వస్తువు పోయినా ముందు వెతికేది యానాదుల గుడిసెల్లోనే, ఇది మా తాతల కాలం నుంచి వస్తున్న అలవాటు. మోటారు ఆ సాయంత్రమే దొరికింది. దాని యజమాని తమ్ముడే బాగు చేయించడానికి తీసుకెళ్లాడట. కాని అప్పటికే, చేతిలో పైపు ఉందని, ఏడుకొండలు మీద మారణాయుధం కేసు కట్టేశారు.

నేను స్టేషనుకు వెళ్లాను.

"ఆ పైపు నాదండీ. కేసు నా మీద రాయండి" అన్నాను.

"కూర్చోండి సార్. టీ తాగుతారా?" అన్నాడు అక్కడి అధికారి.

"నేనే చేయించాను. చేయించిన షాపు కూడా చూపిస్తాను."

"మీకెందుకు సార్ పైపులు? మీకు తుపాకీ ఉందిగా!" అని నవ్వి వెనక ఉన్న బీరువా చూపించాడు. అందులో నా తుపాకీ, మీద చీటీ కట్టించుకుని, హాయిగా పడుకుని ఉంది. నిజం తుపాకీ ఉన్నవాడు పెద్దమనిషి, చప్పుడు పైపు పట్టుకున్నవాడు ముద్దాయి. పైగా ఆ టీలో పంచదార మరీ ఎక్కువ. అదీ గుర్తుంది.

కోర్టు బెయిలు ఇచ్చింది. అయినా ఏడుకొండలు బయటికి రాలేదు. పేరు మీద భూమి ఉన్నవాళ్లు ఇద్దరు జామీను ఉండాలన్నారు. ఒకణ్ని నేను ఉన్నాను. రెండోవాడు దొరికేదాకా అతను లోపలే. ఆ రెండో మనిషిని వెతుక్కుంటూ, ఏడుకొండలు భార్య నాగమణితో కలిసి నేను చేసిన ప్రయాణమే ఇది.

గుడివాడ

బస్సు ఎక్కగానే మొదటి అన్యాయం. నాగమణికి టిక్కెట్టు ఉచితం, నాకు డబ్బులు.

"ఆడవాళ్లకేనండీ" అంది కండక్టరమ్మ.

"అరవై దాటినవాడి సంగతేమిటి?"

"రాయితీకి కార్డు చూపించాలండీ."

కార్డు ఇంటి దగ్గర ఉంది. నాగమణి తన సున్నా టిక్కెట్టును ఊరు దాటేదాకా చేతిలో పట్టుకుని, మధ్యమధ్యలో నాకు కనిపించేట్టు తిప్పి చూసుకుంటూ కూర్చుంది. మనిషి చాలా సరదా మనిషి. మొగుడు జైల్లో ఉన్నాడు కదా, దారంతా ఏడుస్తుందేమో, ఏం చెప్పి ఓదార్చాలా అని నేను బయల్దేరే ముందు కొన్ని మాటలు అనుకుని వచ్చాను. ఒక్కటీ పనికి రాలేదు.

గుడివాడ బస్టాండు దగ్గర టిఫిను. నెయ్యి ఇడ్లీ ప్లేటు యాభై, కారప్పొడి అడిగినంత. మా ఊళ్లో ముప్పైకే వస్తుంది గాని, అది నెయ్యి కాదన్న సంగతి గుడివాడ వెళ్తేనే తెలుస్తుంది. అక్కడి నుంచి ధాన్యం మిల్లు ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్లాం. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నా జామెట్రీ పెట్టె తీసుకుని వృత్తలేఖిని లేకుండా తిరిగి ఇచ్చాడు. అయినా వెళ్లాను.

"నీకైతే కళ్లు మూసుకుని సంతకం పెడతాను బావా. వాడికెందుకు?" అన్నాడు. మాకు చుట్టరికం లేదు, అయినా మా వైపు అందరం బావలమే.

"నేను జైల్లో లేనుగా."

"అదే అంటున్నా. నువ్వు లోపలికి వెళ్లు, మధ్యాహ్నానికల్లా వచ్చి విడిపిస్తా."

"వెళ్దామనే చూస్తున్నాను. తీసుకోవడం లేదు!"

మిల్లు గుమాస్తా నవ్వు ఆపుకోలేక బస్తాల వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరిని కలిశాం. ఒకాయనకు పాసుపుస్తకం బ్యాంకులో ఉంది. ఇంకొకాయనకు భార్య ఊళ్లో లేదు. భార్య లేకపోతే సంతకం ఎందుకు పడదో ఆయన చెప్పలేదు.

"మీ స్నేహితులంతా మంచోళ్లేనండీ బాబుగారూ" అంది నాగమణి బస్టాండుకు తిరిగి నడుస్తూ. "ఒక్కళ్లు కూడా మొహం మీద లేదనలేదు."

బందరు

మచిలీపట్నాన్ని మేం బందరనే అంటాం. గుడ్లవల్లేరు, పెడన మీదుగా బస్సు, కిటికీలోంచి ఉప్పుగాలి మొదలైందంటే బందరు వచ్చినట్టే. ఏడుకొండలు ఉన్న జైలు అక్కడే.

జైలు గేటు బయట చూడటానికి వచ్చినవాళ్లు కూర్చునే రేకుల పంచ ఉంది. నేను ఎక్కడికి వెళ్లినా మా వాళ్లు ఒకరు తగులుతారు. పెళ్లిలో, దినంలో, ఆసుపత్రి వరండాలో, ఆఖరికి తిరుపతి గుండు వరుసలో కూడా. ఇక్కడా అలవాటుగా చుట్టూ చూశాను. ఒక్కరూ లేరు. అక్కడున్నవాళ్లంతా నాగమణి లాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పేటల వాళ్లు, కాలవ గట్ల మీద గుడిసెల వాళ్లు. మా వాళ్లు తప్పులు చేయరేమో అనుకుందామంటే, నాకు తెలిసిన తప్పులే రెండు గోనెసంచులకు సరిపోతాయి.

అక్కడ ఒక మంచి ఆచారం చూశాను. ఎవరు ఏం తెచ్చుకున్నా తలా కాస్త పంచుతారు. మనం రైల్లో కూడా ఇప్పుడు అలా చేయడం మానేశాం. పెడన నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా చేతిలో రెండు జంతికలు పెట్టి, "మీవాడు ఏం చేశాడండీ?" అని అడిగింది.

"అతను ఏం చేయలేదమ్మా. చేసింది నేను."

"మరి మీరు బయటున్నారేంటండీ?"

"అదే అడుగుతున్నానమ్మా అందర్నీ."

ఆవిడ నన్ను కాసేపు జాలిగా చూసి ఇంకో జంతిక ఇచ్చింది. ఆవిడ మనవడికీ బెయిలు వచ్చిందట. వాళ్లకూ జామీను దొరకలేదట. "మా వాడలో ఎవరికీ సెంటు నేల లేదండీ. ఉన్నోళ్లేమో మమ్మల్ని ఎరగరు" అంది, జంతికల డబ్బా మూత పెట్టుకుంటూ.

ఏడుకొండలు జాలీ వెనక నిలబడ్డాడు. చిక్కిపోయాడు. నన్ను చూడగానే, "నీటికాకులు ఎక్కువగా పడుతున్నాయాండీ?" అన్నాడు.

"ఆ గొడవ నీకెందుకు? ఎలా ఉన్నావు?"

"బాగానే ఉందండీ. ఇన్నేళ్లూ నేను కాపలా కాశాను, ఇప్పుడు నన్ను కాస్తున్నారు. ఇక్కడి సాంబారు మాత్రం నీటికాకి కూడా ముట్టదు." భార్య వైపు తిరిగి, "కుక్క తింటోందా?" అన్నాడు.

దారంతా ఆగని నాగమణి మాట అక్కడ ఆగింది. జీపు మలుపు తిరిగిన చోట ఆ కుక్క రోజూ వెళ్లి కూర్చుంటోందని నాకు తెలుసు. "తింటోంది, బాగా బలిసింది" అంది చివరికి.

అక్కడి నుంచి లాయరు గారి దగ్గరికి వెళ్లాం. కుర్రవాడు, మర్యాదస్థుడు, ఫీజు కూడా గట్టిగా అడగలేదు.

"వాడు అమాయకుడండీ. పైపు నాది" అని మొదలుపెట్టాను.

"ఆ మాట మాత్రం మళ్లీ అనకండి సార్. మీ జామీను కూడా పోతుంది. రెండో మనిషిని తీసుకురండి."

"మా అమ్మకు పట్టా ఉందండీ, నాగాయలంక దగ్గర" అంది నాగమణి.

"ప్రభుత్వం ఇచ్చిందామ్మా? అది చెల్లదు. అమ్ముకోవడానికి వీల్లేని భూమి కదా."

"అమ్ముకోలేని నేల వదిలేసి మేం ఎక్కడికి పారిపోతామండీ? అమ్ముకోగలిగినోళ్లే కదా పారిపోయేది?"

లాయరు గారు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "నిజమేనమ్మా. కాని చెల్లదు" అన్నాడు.

ఇక నాకు మిగిలింది ఒక్కడే. దివిసీమలో, మోపిదేవి దగ్గర, మా మేనత్త కొడుకు సుబ్బారావు బావ. నాలుగెకరాల అరటి, పసుపు. కాని ఏళ్ల తరబడి మా మధ్య మాటల్లేవు. వాళ్ల అమ్మాయి పెళ్లిలో నాకు జరిగిన అవమానం అలాంటిది. అదేమిటో బావ ఇంటికి చేరాక చెప్తాను.

మోపిదేవి

బయల్దేరే ముందు బందరు హల్వా కొన్నాను. నల్లగా, వేలు పెడితే జారిపోయేట్టు ఉంది. పావుకిలో నూట ఇరవై అన్నాడు. పోయినసారి వంద. అడిగితే "జీడిపప్పు పెరిగిందండీ" అన్నాడు. విప్పి చూస్తే జీడిపప్పు ఏమీ పెరగలేదు, రెండే ఉన్నాయి.

బస్సులో నాగమణి మొదలుపెట్టింది. "బాబుగారూ, ఒకటి చెప్తాను, మనసులో పెట్టుకోకూడదు."

"నేను ఏదీ మనసులో పెట్టుకోను" అన్నాను. ఆమె ఎందుకో గట్టిగా నవ్వింది.

"ఇందాక లాయరు గారితో వాడు, వాడు అన్నారు. మిల్లాయనతోనూ అంతే. మీ పక్క నిలబడింది నేను కదండీ. గారు అనక్కర్లేదు. పేరు చెప్పండి చాలు."

నాకు కోపం వచ్చింది. ఎవరి కోసం నేను టిక్కెట్టు కొనుక్కుని మరీ తిరుగుతున్నాను? చల్లపల్లి దాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి పుట్టలో పాలు పోస్తారు. గుడి ముందు పాల గ్లాసు ఇరవై. నాగమణి వరుసలో నిలబడి పోసి వచ్చింది. ఆమె అమ్మ ఇక్కడ మొక్కుకున్నాకే పుట్టిందట, అందుకే ఆ పేరు. నేను వరుసలో నిలబడలేదు. ఈ గుడిలోనే ఒకసారి నన్ను తోసుకుని ముందుకెళ్లిన మనిషి ఉన్నాడు, అతను మళ్లీ కనిపిస్తాడేమోనని బయట చూస్తూ నిలబడ్డాను.

బావ ఇల్లు

బావ ఇల్లు కరకట్టకు దిగువన ఉంది. దొడ్లో పసుపు ఎండుతోంది, వీధంతా ఆ వాసనే. నన్ను చూడగానే బావ అరుగు దిగి వచ్చి, ఏమీ జరగనట్టు, "రా బావా, పీతలు తెప్పించాను" అన్నాడు. నేను వస్తున్నట్టు ఆయనకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. గుడివాడ మిల్లు మీదే నా అనుమానం.

దివిసీమలో అతిథి మర్యాద వేరు. మా వైపు మనిషి వస్తే ముందు ఎందుకొచ్చాడో అడిగి, తర్వాత భోజనం అంటారు. ఇక్కడ భోజనం అయ్యేదాకా పని మాట ఎత్తనివ్వరు. పీతల ఇగురు, రొయ్యలేసిన గోంగూర, గడ్డపెరుగు, చక్కెరకేళి. నా ఆకు లోపల హాల్లో వేశారు. నాగమణి ఆకు వెనక వరండాలో, పసుపు బస్తాల పక్కన వేశారు.

ఆకు ఎక్కడ వేశారన్నది చిన్న సంగతి కాదు. ఆ విషయం ఈ జిల్లాలో నాకంటే ఎవరికీ బాగా తెలియదు. నేను నా ఆకు రెండు చేతులా ఎత్తుకుని వరండాలోకి వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను. దారిలో గోంగూర కొంత హాల్లో పడింది.

"మళ్లీ ఆకు గొడవేనా బావా!" అని బావ తల పట్టుకున్నాడు.

నాగమణి నోటి దాకా వచ్చిన పీత కాలు ఆపి, "మీరు ఎదురుగా కూర్చుంటే నాకు పీత కొరకడానికి సిగ్గేస్తుందండీ. లోపలికెళ్లి తినండి" అంది.

వెళ్లలేదు. ఇద్దరం చెరొక వైపు తిరిగి తిన్నాం. మా అక్కయ్య, అంటే బావ భార్య, కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత తన ఆకు కూడా అక్కడికే తెచ్చుకుంది. "లోపల ఫ్యాను కింద నేనొక్కడినే తినాలా?" అని చివరికి బావ కూడా వచ్చాడు.

భోజనాలయ్యాక విషయం చెప్పాను.

"యానాదికి జామీనా? పారిపోతే నా పొలం మీదికొస్తుంది బావా."

"నీ పందుల పైపు ఎవరు పేలుస్తారు?" అని అడిగాను. దివిసీమలో మా నీటికాకుల బదులు అడవిపందులు. బావకూ లైసెన్సు తుపాకీ ఉంది, ఎన్నికలకు అదీ స్టేషనుకే వెళ్తుంది.

"మా పాలేరు."

"రేపు ఆ పాలేరుని పట్టుకెళ్తే? నువ్వు వెళ్లి పైపు నాదంటే నీకూ టీ ఇచ్చి పంపిస్తారు."

"టీ ఏంటి? నేను తుపాకీ ఇవ్వడానికి వెళ్తే కాఫీ ఇచ్చారు."

కాఫీ! ఇది నేను మరిచిపోదగ్గ విషయం కాదు. కాని అప్పటికి మింగేశాను. బావ చాలాసేపు చక్కెరకేళి తొక్క వలుస్తూ కూర్చుని, చివరికి అన్నాడు, "సరే, పెడతాను. కాని ఒక షరతు. ఆ పెళ్లి సంగతి ఇంతటితో మరిచిపోవాలి. ఎవరితోనూ అనకూడదు, ఎక్కడా రాయకూడదు."

నన్ను చాలామంది చాలా అడిగారు గాని, ఇంత పెద్దది ఎవరూ అడగలేదు. అది నేను ఏళ్ల తరబడి దాచుకున్న కోపం. దినాల్లో, పెళ్లిళ్లలో, కొత్తవాళ్లు ఎవరు పరిచయమైనా ముందు చెప్పేది అదే. నాగమణి చేయి కడుక్కుని, తడి చేయి కొంగుకు తుడుచుకుంటూ నా వైపే చూస్తోంది.

"అతని పేరు ఏడుకొండలు" అన్నాను బావతో. "యానాది అని కాదు, ఆ పేరు చెప్పి సంతకం పెట్టు. నేను మరిచిపోతాను."

కాబట్టి, పైన చెప్తానన్న ఆ అవమానం ఏమిటో ఇక్కడ చెప్పడం లేదు. పాఠకులు మన్నించాలి. మాట ఇచ్చాను.

మళ్లీ బందరు

మర్నాడు బావ పాసుపుస్తకంతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చి సంతకం పెట్టాడు. సాయంత్రానికి ఏడుకొండలు గేటు దాటి బయటికి వచ్చాడు. నాగమణి వెళ్లి అతని చొక్కా గుండీలు సరిగా పెట్టింది. ఆ తర్వాత హల్వా పొట్లం విప్పింది. దాంట్లో ఉన్న రెండు జీడిపప్పులూ అతనికే పెట్టింది. కొన్నది నేనని గుర్తుచేద్దామనుకున్నాను, ఊరుకున్నాను.

రేకుల పంచలో పెడన పెద్దావిడ ఇంకా కూర్చునే ఉంది. బావ ఆవిడ దగ్గర జంతిక తీసుకుని తింటూ మనవడి సంగతంతా విన్నాడు. తినకుండా ఉండాల్సిందని తర్వాత నాతో అన్నాడు. ఇప్పుడు ఆ మనవడి కాగితాలు కూడా లాయరు గారి దగ్గర ఉన్నాయి. జామీనుదారుల్లో ఒకడు మా బావే. దివిసీమవాళ్లకు పని మాట భోజనానికి ముందు చెప్పకూడదన్నది అందుకే కాబోలు.

తిరుగు బస్సులో ఏడుకొండలు ఒకటే అన్నాడు. "కాపలా కాస్తానండీ. కుక్క ఉంది, డబ్బా కొడతాను, అరుస్తాను. పైపు మాత్రం ఇక ముట్టను. అది మీరే పేల్చుకోండి."

గట్టు మీద

ఎన్నికలయ్యాయి. నా తుపాకీని మర్యాదగా ఇంటికి పంపారు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. గుడివాడలో అదే షాపులో, అదే కొలతకు కొత్త పైపు చేయించాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి నేనే పేలుస్తున్నాను. ఏడుకొండలు చెవులు మూసుకుని నవ్వుతాడు. కుక్క మాత్రం నన్ను కాపలా మనిషిగా ఇంకా ఒప్పుకోలేదు.

జీపు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఆగకుండానే చేయి ఊపి వెళ్లిపోయారు. రెండోసారి ఆపారు. నేను పైపు పైకెత్తి నిలబడ్డాను, మూతిలోంచి ఇంకా పొగ వస్తోంది.

"బాగున్నారా సార్? ఈ ఏడు నీటికాకులు ఎక్కువగా ఉన్నట్టున్నాయే!" అన్నాడు జీపులోంచి ఆ అధికారే.

"ఇది పైపు. ఇది నాది" అన్నాను.

"భలేవారండీ మీరు!" అని నవ్వాడు. జీపు వెళ్లిపోయింది. ఏడుకొండలు అప్పటిదాకా తూము వెనక కూర్చుని ఉన్నాడు. జీపు మలుపు తిరిగాకే లేచాడు.

అతని మీద కేసు ఇంకా ఉంది. వాయిదాలకు కూలి మానుకుని బందరు వెళ్లి వస్తూనే ఉన్నాడు. జవాబు చెప్పాల్సినవాళ్లు ఎవరో వాళ్లకు తెలుసు. ఇంతదాకా చదివారంటే పీతల ఇగురు కోసమైనా చదివి ఉంటారు. కాబట్టి అడుగుతున్నాను. అదే గట్టు, అదే కొలత పైపు, అదే జీపు. అతని చేతిలో మారణాయుధమైంది నా చేతిలో నీటికాకుల పలకరింపు ఎలా అయింది? తుపాకులను అదుపులో పెట్టండి, నేను అడ్డం రాను. ముందు నాదే తీసుకోండి, అది నిజంగా పేలుతుంది. పైపు పేల్చడం నేరమైతే జీపు తీసుకుని రండి, చొక్కా వేసుకుని సిద్ధంగా ఉంటాను. నేరం కాకపోతే ఏడుకొండలు మీద కేసు కొట్టేయండి. రెండిట్లో ఏదో ఒకటి. టీ వద్దు, కాఫీ కూడా వద్దు, కుర్చీ అసలే వద్దు.

జవాబు కావాలి. రోజూ పొద్దున్న గట్టు మీదే ఉంటాను. చప్పుడు వినపడుతుంది, దారి అడగాల్సిన పని కూడా లేదు.